మూడున్నరకే చీకటి పడే ఊళ్ళో

తమ్ముడూ, నవంబరు నుంచి మనసు బాగోవట్లేదనీ, అమ్మ ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కావట్లేదనీ రాశావు. ఇక్కడికి రావడమే పొరపాటేమో అన్నావు. ఆ చివరి మాట మాత్రం మార్చి దాకా పక్కన పెట్టు. ఈ చీకట్లో అలాంటి నిర్ణయాలొద్దు.

మాది విజయవాడ సింగ్‌నగర్. స్కాట్లాండ్‌లోని ఈ ఎడిన్‌బరా వచ్చి పదిహేనేళ్ళయింది. మనూళ్ళో డిసెంబరులోనూ 11 గంటల పగలుంటుంది, ఇక్కడ 7 గంటలే. మొదటి చలికాలం నాకు ఎంత పడుకున్నా నిద్ర చాలేది కాదు, పూటపూటకీ అన్నమే తినాలనిపించేది. ఇంటి మీద బెంగ అనుకున్నాను. బెంగ ఉంది, కానీ అసలు లోటు వెలుతురుది. దీనికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే కాలాన్ని బట్టి వచ్చే మనసు కుంగుబాటు, అని 1984లోనే డాక్టర్లు పేరు పెట్టారు. నీ మనసు బలహీనమై కాదు.

తెల్లారగానే అరగంట బయట నడువు. మబ్బుగా ఉన్నా సరే, గదిలో లైటు కన్నా ఆ వెలుతురే ఎక్కువ. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుగిచ్చే లైట్ బాక్సులు దొరుకుతాయి, పొద్దున పూట వాడతారు. కంటి జబ్బుగానీ బైపోలార్ (మనసు ఒకసారి మరీ ఉరకలెత్తి, ఒకసారి మరీ కుంగే జబ్బు) గానీ ఉంటే డాక్టర్ని అడక్కుండా వాడకు. రెండు వారాలైనా తేరుకోకపోతే జీపీ, అదే మన ఫ్యామిలీ డాక్టర్, దగ్గరికి వెళ్ళు. బతకాలని లేదనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకు, ఇక్కడి ఆరోగ్య సహాయ నంబరు 111కి ఫోన్ చెయ్యి.

ఇక మీ అమ్మ సంగతి. వాతావరణం మన ఒక్కరి మీదే పని చేయదురా. మే నెలలో రాత్రిళ్ళు కూడా ఉక్క తగ్గక నిద్రలేని మనిషి ఫోన్లో విసుక్కుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, మా అమ్మ పట్టాదారు కాగితాలు అటక మీదికి ఎక్కించేస్తుంది. ఆ రోజుల్లో నాతో పొడిపొడిగా మాట్లాడితే, నా మీద కోపమనుకుని నెలల తరబడి బాధపడ్డాను. భయమని తర్వాత చెల్లి చెబితే తెలిసింది. ఎండలు ముదిరి, నెల వాన ఒక్క రోజులో కుమ్మేస్తున్న కాలంలో ఆ భయం ఊరికే పోదు.

అందుకే ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే ముందు "అక్కడ వాన పడుతోందా అమ్మా?" అని అడుగుతాను. నువ్వూ దాచకు, "ఇక్కడ మూడున్నరకే చీకటి, మనసు బాగోలేదు" అని చెప్పు. మీ అమ్మ తట్టుకోగలదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మెడోస్ పార్కుకి రా, కలిసి నడుద్దాం.