గిటార్ రాని కుర్రాడికి గిటార్ సాఫ్ట్‌వేర్: 45 వేలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ కీబోర్డు నేర్చుకున్నాడు, గిటార్ రాదు. ఇంట్లోనే ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో పాటలు చేసి స్నేహితుల షార్ట్ ఫిల్ములకు ఇస్తుంటాడు. ఇప్పుడు గిటార్ సాఫ్ట్‌వేర్లు కొనాలని 45 వేలు అడుగుతున్నాడు. కొనివ్వాలా? ఏది మంచిది? రేపు దీంతో ఉపాధి దొరుకుతుందా, లేక గిటార్ క్లాసులో చేర్పించడమే మేలా? – ఒక తల్లి

జవాబు: కొనివ్వండి. కానీ 45 వేలూ ఒక్కసారిగా వద్దు, మూడు నాలుగు సాఫ్ట్‌వేర్లు అసలే వద్దు. మొదటి రెండు నెలలు ఉచితంగా దొరికే వాటితో పని చేయనివ్వండి. ఆ తర్వాత ఒక్కటి, అతను చేసే పనికి సరిపడేది కొనండి. మిగిలిన డబ్బులో ఆరేడు వేలు పెట్టి మామూలు అకూస్టిక్ గిటార్ ఒకటి ఇంటికి తెండి. కచేరీ చేయడానికి కాదు, తీగల మీద వేళ్లు ఎక్కడ పడతాయో తెలియడానికి. కీబోర్డు చేతికి అలవాటైనవాళ్లు గిటార్ సాఫ్ట్‌వేర్‌ని కూడా కీబోర్డులాగే వాయిస్తారు. వేల రూపాయలు పోసినా గిటార్ కృతకంగా వినిపించడానికి ముఖ్య కారణం అదే.

కొనేముందు రకాలు తెలియాలి. ఒక రకంలో మీ అబ్బాయి ఎడమచేత్తో కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టుకుంటే చాలు, స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒక ఊపున మీటడం) సిద్ధంగా వస్తుంది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సెషన్ గిటారిస్ట్ వరుస, యూజామ్ వారి వర్చువల్ గిటారిస్ట్ వరుస ఇలాంటివి. రెండో రకంలో ప్రతి స్వరమూ మనమే వేయాలి. పామ్ మ్యూట్ (అరచేత్తో తీగను అదిమి మీటడం), స్లైడ్ (వేలు జార్చడం), హ్యామర్ ఆన్ (మీటకుండా వేలితో తీగను కొట్టడం) లాంటి వాయింపు తీరులను కీస్విచ్‌లతో, అంటే స్వరం పలకకుండా వాయింపు తీరును మాత్రమే మార్చే మీటలతో మార్చుకోవాలి. యాంపిల్ సౌండ్, ఆరెంజ్ ట్రీ శాంపిల్స్ వారి ఎవల్యూషన్, ఇంపాక్ట్ సౌండ్‌వర్క్స్ వారి ష్రెడేజ్, మ్యూజిక్‌ల్యాబ్ వారి రియల్ గిటార్ ఈ కోవలోవి. శాంపిల్స్ (నిజమైన గిటార్ నుంచి రికార్డ్ చేసిన స్వరాలు) లేకుండా తీగ కదలికను లెక్కగట్టి శబ్దం పుట్టించే ఏఏఎస్ స్ట్రమ్ లాంటివీ ఉన్నాయి. డిస్క్‌లో చాలా తక్కువ చోటు తీసుకుంటాయి, కానీ అకూస్టిక్ గిటార్ చెక్క నాదం శాంపిల్స్‌లో వచ్చినంత సహజంగా నాకు వినిపించదు.

భక్తి పాటలు, ప్రకటనల జింగిల్స్, సాయంత్రానికల్లా ఇవ్వాల్సిన ప్రైవేటు పాటలు చేసేవాళ్లకు మొదటి రకం సమయం ఆదా చేస్తుంది. ఇంటర్‌లూడ్లు, పికింగ్, సొంత అరేంజ్‌మెంట్ మీద మనసున్నవాళ్లకు రెండోదే దారి. కీబోర్డు బాగా వచ్చిన మీ అబ్బాయికి నా ఓటు రెండో రకానికే.

మొదటి రకం మీద ముచ్చటపడితే మాత్రం రెండు విషయాలు చూడమనండి. మన జానపదాల్లోనూ సినిమా పాటల్లోనూ 6/8 (ఆరు మాత్రల) నడక చాలా ఎక్కువ. ఈ సాఫ్ట్‌వేర్లలో ప్యాటర్న్‌లు (సిద్ధంగా ఉండే వాయింపు నమూనాలు) ఎక్కువగా 4/4లో (నాలుగు బీట్ల నడకలో) ఉంటాయి. ప్యాటర్న్‌ల జాబితాలో 6/8 ఎన్ని ఉన్నాయో చూడకుండా కొంటే సగం పాటలకు అది మూలన పడుతుంది. రెండోది కార్డ్‌ల సంగతి. మేజర్, మైనర్ అన్నీ పలుకుతాయి. డి మేజర్‌కి అడుగున ఎఫ్ షార్ప్ పెట్టినప్పుడు, సస్ ఫోర్ పట్టినప్పుడు ఏం వినిపిస్తుందో డెమో వీడియోల్లో వెతికి వినాలి.

ఇంకో చోట డబ్బు ఊరికే పోతుంది. చాలా గిటార్ లైబ్రరీలు (శాంపిల్స్ సంపుటాలు) కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ లోపల నడుస్తాయి. కాంటాక్ట్ ప్లేయర్ ఉచితం, పూర్తి కాంటాక్ట్‌కు డబ్బు కట్టాలి. ప్లేయర్ కోసం లైసెన్స్ చేసిన లైబ్రరీలు అందులో పూర్తిగా పనిచేస్తాయి. తక్కినవి 15 నిమిషాలు డెమోగా నడిచి ఆగిపోతాయి. సగం ధరకు వస్తోందని లైబ్రరీ కొని, దాన్ని తెరవడానికి అంతకన్నా ఖరీదైన కాంటాక్ట్ కొనాల్సి రావడం ఇలాగే జరుగుతుంది. ఉత్పత్తి పేజీలో ‘పూర్తి కాంటాక్ట్ తప్పనిసరి’ అని చిన్న అక్షరాల్లో ఉందేమో ముందు చూడండి. యాంపిల్ సౌండ్ లాంటివి తమ సొంత ఇంజిన్‌తో వస్తాయి కాబట్టి అక్కడ ఈ పేచీ లేదు.

కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్, శాంపిల్స్ పెట్టడానికి ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. హార్డ్ డిస్క్ మీద పెడితే స్వరాలు మధ్యలో తెగవచ్చు. వాయించేటప్పుడు బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ దాచుకునే భాగం) 128 లేదా 256 శాంపిల్స్ ఉంచాలి; ఇక్కడ శాంపిల్ అంటే శబ్దంలోని ఒక చిన్న కొలత. 48 కిలోహెర్ట్జ్‌లో 256 అంటే సుమారు 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం, చేతికి తెలియదు. మిక్స్ చేసేటప్పుడు 1024కి పెంచుకోవచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియో ఏ ఎడిషనో కూడా కనుక్కోండి. ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ మళ్లీ తెరుచుకోదు. ఫ్రూటీ ఎడిషన్‌లో బయటి గొంతు, గిటార్ రికార్డ్ చేయడం కుదరదు, దానికి ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ఆ లోటు ఉంటే గిటార్ లైబ్రరీ కంటే ముందు అదే తీర్చండి. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితమే.

ఇక్కడి నుంచి మీ అబ్బాయికి చెబుతున్నాను.

బాబూ, యాంపిల్ గిటార్ ఎం లైట్ దించుకో. మార్టిన్ అకూస్టిక్ గిటార్ శాంపిల్స్‌తో చేసింది, ఉచితం. ఎలక్ట్రిక్‌కు ష్రెడేజ్ 3 స్ట్రాటస్ ఉచిత వెర్షన్ కాంటాక్ట్ ప్లేయర్‌లోనే పనిచేస్తుంది. రెండు నెలలకు ఇవి ఎక్కువే.

ముందు కార్డ్ సంగతి. పియానో మీద జి మేజర్ అంటే మూడు వేళ్లు ఒకే ఆక్టేవ్‌లో పడతాయి. గిటార్ మీద ఓపెన్ జి అంటే లావు తీగ నుంచి జి, బి, డి, జి, బి, జి. ఆరు స్వరాలు రెండు ఆక్టేవ్‌ల మీద పరుచుకుంటాయి. మిడి నంబర్లలో (ఒక్కో స్వరానికి కంప్యూటర్ వాడే సంఖ్యల్లో) 43, 47, 50, 55, 59, 67. ఓపెన్ సి అయితే ఐదే తీగలు: సి, ఇ, జి, సి, ఇ. స్ట్రమ్మింగ్‌కు మూడు వేళ్ల కార్డ్ కాపీ చేసి పెడితే ఎంత ఖరీదైన లైబ్రరీ అయినా బొమ్మ గిటార్‌లా పలుకుతుంది. మామూలు ట్యూనింగ్‌లో అన్నిటికన్నా లావు తీగ మిడి నంబర్ 40, అంతకంటే కింది స్వరం గిటార్‌లో లేదు. ఒకేసారి ఆరుకు మించి స్వరాలు లేవు. ఒకే తీగ మీద ఒకేసారి రెండు స్వరాలు రావు. ఈ మూడు నియమాలు గోడ మీద రాసిపెట్టుకో.

తర్వాత చేతి కదలిక. కిందికి కొట్టేటప్పుడు లావు తీగ ముందు, సన్న తీగ చివర మోగుతాయి. మొదటి తీగకూ చివరి తీగకూ మధ్య 20 నుంచి 50 మిల్లీసెకన్లు, నెమ్మది పాటల్లో ఇంకొంచెం ఎక్కువ. పైకి కొట్టేటప్పుడు వరుస తిరగబడుతుంది. పైగా అప్పుడు చేతికి తగిలేది సాధారణంగా సన్న తీగలు మూడో నాలుగో, అవీ మెత్తగా. కిందికి కొట్టే దెబ్బకు వెలాసిటీ (మీట నొక్కే బలం) 95 నుంచి 110 ఉంచితే, పైదెబ్బకు 60 నుంచి 80 సరిపోతుంది. ఎఫ్‌ఎల్ పియానో రోల్‌లో ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే స్ట్రమ్ టూల్ వస్తుంది, ఈ ఎడం అదే వేస్తుంది. అయితే అది స్వరాల్ని వెనక్కి జరుపుతుంది కాబట్టి గిటార్ తాళం కంటే ఆలస్యంగా ఉన్నట్టు అనిపిస్తుంది. స్ట్రమ్ వేశాక కార్డ్ మొత్తాన్ని 15, 20 మిల్లీసెకన్లు ముందుకు లాగు. కార్డ్ మారేచోట వాద్యకారుడు వేళ్లు ఎత్తుతాడు. అందుకని పాత కార్డ్‌ను కొత్త కార్డ్ దాకా సాగదీయకుండా కొంచెం ముందే ఆపు. ఆ చిన్న ఖాళీలో పాట ఊపిరి తీసుకుంటుంది.

కీస్విచ్‌లతో రెండు చిక్కులు వస్తాయి. మధ్య సి స్వరాన్ని, అంటే నంబర్ 60ని, క్యూబేస్, లాజిక్ అనే సాఫ్ట్‌వేర్లు సి3 అని చూపిస్తే ఎఫ్‌ఎల్ సి5 అని చూపిస్తుంది. ఆ లెక్కన రాసిన మాన్యువల్‌లో కీస్విచ్ సి0 అని ఉంటే నీకది సి2 దగ్గర దొరుకుతుంది. ‘పామ్ మ్యూట్ పనిచేయడం లేదు’ అనేవాళ్లలో చాలామంది నొక్కుతున్నది తప్పు కీ. రెండో చిక్కు గాయని వచ్చాక బయటపడుతుంది. శ్రుతి రెండు మెట్లు పెంచమంటారు. అన్నీ సెలెక్ట్ చేసి పైకి జరిపితే కీస్విచ్‌లూ జరిగిపోతాయి, పామ్ మ్యూట్ ఉండాల్సిన చోట స్లైడ్ మోగుతుంది. స్వరాలను మాత్రమే జరుపు, లేదా లైబ్రరీలో ఉండే కేపోను (గిటార్ తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర అదిమిపెట్టే బిగింపు) రెండో మెట్టు మీద పెట్టు. నిజమైన గిటారిస్టూ అదే చేస్తాడు, ఓపెన్ తీగల నాదం అలాగే నిలుస్తుంది.

గిటార్ వెడల్పుగా వినిపించాలని ఒకే మిడిని (వాయించిన స్వరాల నమోదును) రెండు ట్రాకుల్లో పెట్టి ఎడమకూ కుడికీ తిప్పుతారు. రెండు వైపులా అవే శాంపిల్స్ మోగితే వెడల్పు రాదు, మధ్యలో గట్టిగా వినిపిస్తుంది అంతే. లైబ్రరీలో డబుల్ ట్రాకింగ్ సదుపాయం ఉంటే వాడు, లేకపోతే రెండోసారి వేరుగా వాయించు. పాట డి శ్రుతిలో ఉంటే ఒకవైపు ఓపెన్ డి, మరోవైపు రెండో మెట్టు కేపోతో సి ఆకారం పెడితే స్వరాల కూర్పే మారి పాట నిండుగా ఉంటుంది. బేస్ గిటార్ ఉన్న పాటలో అకూస్టిక్‌కు 100 హెర్ట్జ్ కింద కోసేయి.

ఎలక్ట్రిక్ గిటార్ లైబ్రరీ ఇచ్చేది యాంప్‌కు వెళ్లకముందు ఉండే పలచటి శబ్దం. ముందు యాంప్ సిమ్యులేటర్ (యాంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్), దాని తర్వాత క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ (స్పీకర్ పెట్టె నాదాన్ని కలిపే ఫైలు) ఉండాలి. క్యాబినెట్ మర్చిపోతే డిస్టార్షన్ చెవులు కోసేలా జుయ్యిమంటుంది. న్యూరల్ యాంప్ మోడెలర్ అనే యాంప్ సిమ్యులేటర్ ఉచితం, చాలా మంచిది. కాకపోతే దాని కొన్ని క్యాప్చర్లలో (నిజమైన యాంప్‌ల శబ్దాన్ని పట్టిన ఫైళ్లలో) క్యాబినెట్ ముందే కలిసి ఉంటుంది. మళ్లీ ఇంకోటి వేస్తే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది.

గమకాల దగ్గర ఆశ తగ్గించుకో. పిచ్ వీల్ తిప్పితే ఆ ఛానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. అందుకే లీడ్‌ను వేరే ట్రాక్‌లో ఒక్కొక్క స్వరంగా పెట్టాలి, గిటార్ సాఫ్ట్‌వేర్‌లోని బెండ్ పరిధీ (స్వరం ఎంత వరకు వంగాలో) ఎఫ్‌ఎల్‌లోదీ ఒకటేనా చూసుకోవాలి. అప్పుడు కూడా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీగ మీద వేలు జార్చి పలికించిన గమకం ఈ దారిలో రాదు. రాగం ప్రాణమైన లీడ్‌కి మనిషిని పిలిపించి వాయించుకో.

అమ్మా, మళ్లీ మీ దగ్గరకు వస్తాను. ఉపాధి మాటకొస్తే, సంగీత దర్శకుల దగ్గర ప్రోగ్రామర్లుగా (కంప్యూటర్‌లో వాద్యాలు కూర్చేవాళ్లుగా) పనిచేసేవాళ్లకు ఈ నైపుణ్యం రోజూ కావాలి. డెమోలో గిటార్ సాఫ్ట్‌వేర్‌దే ఉంటుంది, పాట ఓకే అయ్యాక చాలాసార్లు మనిషి వాయించి రికార్డ్ చేస్తారు. నిండైన మిక్స్‌లో స్ట్రమ్మింగ్ సాఫ్ట్‌వేర్‌దే ఉండిపోవచ్చు, సోలో మాత్రం అరుదు. అందువల్ల ‘గిటార్ సాఫ్ట్‌వేర్ వచ్చు’ అనేది విడిగా ఉద్యోగం కాదు. అరేంజ్‌మెంట్, మిక్సింగ్‌లతో కలిస్తేనే పని. ఆదాయం మొదటి కొన్నేళ్లు నిలకడగా ఉండదు. బీకాం పూర్తి చేయడం తప్పనిసరి. అది అయ్యాక ఆసక్తి నిలిచి ఉంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటి చోట కోర్సుల గురించి ఆలోచించవచ్చు. గిటార్ క్లాసు విషయానికొస్తే, వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు పంపండి. ఓపెన్ కార్డ్‌లు, బారె కార్డ్‌లు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేవి), నాలుగైదు స్ట్రమ్మింగ్‌లు వస్తే చాలు, అతని ప్రోగ్రామింగ్ అప్పుడే మారిపోతుంది.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇంట్లోకి రానివ్వకండి. వైరస్ భయం ఒకటైతే, డబ్బు తీసుకుని చేసే పనిలో లైసెన్స్ అడిగినప్పుడు తలదించుకోవాల్సి రావడం ఇంకొకటి. కొన్న లైబ్రరీతో చేసిన పాటను మామూలుగా అమ్ముకోవచ్చు. విడి స్వరాల్ని శాంపిల్ ప్యాక్‌గా అమ్మడం మాత్రం లైసెన్స్‌లు ఒప్పుకోవు. విద్యార్థి రాయితీతో కొంటే ఆ లైసెన్స్‌ వాణిజ్య పనికి వర్తిస్తుందా చదువుకోండి. పూర్తి ధరకు కొనకండి, నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడేకి దాదాపు అన్ని కంపెనీలూ ధర తగ్గిస్తాయి. డాలర్లలో కట్టాలి కాబట్టి బ్యాంక్ యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పని అయ్యాక ఆపేయండి.

రెండు నెలల చివర మీ అబ్బాయి ఒక్కోటి నిమిషం చొప్పున మూడు ముక్కలు చేయాలి: 6/8లో ఒక జానపద నడక, పికింగ్‌తో ఒక మెలడీ, పామ్ మ్యూట్ ఎలక్ట్రిక్ ఉన్నది ఒకటి. వాటిని గిటార్ వాయించే ఎవరికైనా వినిపించి ‘ఇందులో చేతికి అందనిది ఏది?’ అని అడగాలి. వాళ్లు చూపించినవి సరిదిద్దాకే డబ్బు ఖర్చు పెట్టండి. ఆ మూడు ముక్కలే ప్రోగ్రామర్ పనికి పంపే నమూనాలు కూడా. పంపేటప్పుడు స్టెమ్స్ (ఒక్కో వాద్యానికి విడి ఆడియో ఫైళ్లు) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, అన్నీ మొదటి బార్ నుంచే మొదలయ్యేలా ఉండాలి. ఎలక్ట్రిక్‌కు యాంప్ వేసినదీ వేయనిదీ రెండూ ఇవ్వాలి. ఫైల్ పేరులో టెంపో, శ్రుతి రాసి, గిటారిస్టు కోసం కార్డ్ షీట్‌లో కేపో ఏ మెట్టు మీదో తప్పకుండా పెట్టమనండి.