కొత్త రంగు కింద కుళ్లిన చెక్క: పడవ వెనక్కి ఇవ్వొచ్చా?

ప్రశ్న: పది నెలల క్రితం ఒకాయన దగ్గర వాడిన చిన్న తెరచాప పడవ కొన్నాను. ‘చెక్క గట్టిగా ఉంది, రంగేస్తే చాలు’ అని వాట్సాప్‌లో రాశారు. మా అబ్బాయితో కలిసి ఇంట్లోనే బాగుచేసుకోవాలని ఎన్నాళ్లనుంచో కల. రంగు గీకితే వెనక పలకలో పుట్టీ, దాని కింద కుళ్లిన ప్లైవుడ్ కనిపించాయి. అది కోసి పారేసి, నాలుగు నెలలుగా కొత్తది అతికిస్తున్నాం. ఇప్పుడు సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా అడుగునుంచి నీళ్లలోకి దించే పలక) ఉండే పెట్టె చుట్టూ కూడా మెత్తగా ఉంది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. చీటింగ్ కేసు పెడితే డబ్బు దానంతటదే వస్తుందని స్నేహితులు అంటున్నారు. పడవ తిరిగి ఇచ్చేయవచ్చా?

జవాబు: ఇవ్వలేరు. ‘నాలుగు నెలలుగా అతికిస్తున్నాం’ అన్న మాట దగ్గరే ఆ దారి మూసుకుపోయింది. లోపం తెలిశాక కూడా వస్తువును సొంతదానిలా కోసి, మార్చితే దాన్ని అంగీకరించినట్టే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 42, 13 సెక్షన్ల ప్రకారం ఇక మీకు మిగిలింది నష్టపరిహారం అడిగే హక్కు. కుళ్లు చూసిన రోజే పని ఆపి, ‘పడవ నాకొద్దు’ అని రాసి పంపి ఉంటే మీ మాట వేరుగా ఉండేది. పైగా కుళ్లిన ముక్కను పారేశారు! కేసుకు ప్రాణం లాంటి సాక్ష్యం అది.

చీటింగ్ కేసు జోలికి వెళ్లకండి. అమ్మేనాడే ఆయనకు మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. కేవలం డబ్బు రాబట్టడానికి క్రిమినల్ కేసు పెడితే కోర్టులు కొట్టేస్తాయి, ఈలోగా సివిల్ దావా గడువు కరిగిపోతుంది. పైన రంగేసి ఇంకొకరికి అమ్మేద్దామన్న ఆలోచన వచ్చినా మానుకోండి. తెలిసి దాచితే అప్పుడు మోసం మీదవుతుంది.

అయినా మీ చేతిలో బలం ఉంది. మామూలుగా పాత వస్తువు కొనేవాడే చూసుకోవాలి, కానీ ఆయన రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువీకరణ, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. సెంటర్‌బోర్డ్ పెట్టెను ఈరోజునుంచి ముట్టుకోకండి. పడవలు కట్టే మనిషిచేత అక్కడ తట్టించి, తేమ చూపించి, ఫొటోలతో సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. కుళ్లు పాతదా, మీ దగ్గరకు వచ్చాక మొదలైందా అన్నది అందులో తప్పకుండా ఉండాలి. ఎదుటి లాయర్ మొదట అడిగేది అదే. కొత్త చెక్క, ఎపాక్సీ జిగురు బిల్లులు కూడా దాచండి.

అమ్మినాయన వ్యాపారి కాకపోతే వినియోగదారుల కమిషన్ పనికిరాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. గడువు మూడేళ్లు. మోసం బయటపడ్డ రోజునుంచి లెక్కించే వీలు ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు, పడవ చేతికొచ్చిన రోజునుంచే లెక్కపెట్టండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. రిపోర్టు రాగానే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే రాజీకి దరఖాస్తు పెట్టండి. ఆయన రాకపోతే దావా వేయండి.