టెక్ సందేహాలు: యాప్ మార్చాం, పని ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మాది పన్నెండు మంది బృందం. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఎక్సెల్ షీటులో రాసుకుని వారానికోసారి మెయిల్‌లో పంపుకుంటాం. ఏదైనా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ యాప్‌కు మారదామని మా పైఅధికారి అంటున్నారు. ట్రెల్లో, జీరా, ప్లానర్‌లలో ఏది మేలు?

యాప్ సంగతి తర్వాత. మిమ్మల్ని వేధిస్తున్నది ఎక్సెల్ అని నాకు అనిపించడం లేదు. ఒకే షీటు ప్రతి వారం పన్నెండు మెయిల్‌బాక్సుల్లో పన్నెండు నకళ్లు కావడమే అసలు తలనొప్పి. దాన్ని వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పెట్టి, అందరూ అక్కడే దిద్దేలా చూడండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో తెలుస్తుంది. కొన్ని బృందాలకు ఇంతకు మించి అక్కరలేదు కూడా.

అది చాలకపోతే అప్పుడు యాప్. జీరా 2002లో సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదు చేసే చిట్టాగా మొదలైంది. ప్రోగ్రామర్లకు అది చేతికి అలవాటైన సాధనం. మిగతా విభాగాల వాళ్లు అందులోని ఖానాలన్నీ నింపలేక విసుగెత్తి మళ్లీ ఎక్సెల్ తెరుస్తారు. 2011లో వచ్చిన ట్రెల్లోలో నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు: ఒక బోర్డు, కొన్ని నిలువు వరుసలు, వాటి మధ్య జరుపుకునే కార్డులు. (ట్రెల్లోను 2017లో జీరా తయారీ సంస్థ అట్లాసియన్ కొనేసింది కాబట్టి ఈ రెండూ ఇప్పుడు ఒకే ఇంటివి.) మీ సంస్థలో ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే, చాలా ప్లాన్‌లలో ప్లానర్ దానితోపాటే వస్తుంది. ముందు దాన్నే చూడండి.

ఏది తీసుకున్నా ‘చేస్తున్నవి’ అనే వరుసకు ఒక పరిమితి పెట్టండి. ఈ బోర్డులన్నిటికీ మూలం టయోటా కర్మాగారాల్లో తైచీ ఓనో తీర్చిదిద్దిన కాన్‌బాన్ పద్ధతి: పనిని కార్డులతో చూపడం, ఒకేసారి చేతిలో ఉండే పనికి పరిమితి పెట్టడం. చాలామంది అక్కడి నుంచి కార్డులు తెచ్చుకుని, పరిమితిని అక్కడే వదిలేశారు. లెక్క చూడండి. మీ బృందం వారానికి సగటున 5 పనులు ముగిస్తూ, 20 పనులను మొదలుపెట్టి ఉంచిందనుకుందాం. ఒక్కో పని మొదలై ముగియడానికి సగటున 4 వారాలు పడుతుంది. వేగం అంతే ఉండి, చేతిలో 10 మాత్రమే పెట్టుకుంటే 2 వారాలు చాలు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది. ఎవరూ అదనంగా ఒక్క గంట కూడా కూర్చోనక్కరలేదు. జీరాలో ప్రతి వరుసకూ గరిష్ఠ సంఖ్య నిర్ణయించవచ్చు. అది దాటితే యాప్ హెచ్చరిస్తుంది గానీ కొత్త పనిని ఆపదు. ఆపాల్సింది మీరే. ‘ఇది ముగిశాకే అది మొదలుపెడతాం’ అని పైఅధికారికి చెప్పగలిగిన బృందానికి ఏ యాప్ అయినా సరిపోతుంది.

ప్రశ్న: గాంట్ చార్టుల కాలం పోయిందని కొత్తగా చేరినవాళ్లు అంటున్నారు. క్లయింటు మాత్రం తేదీలు అడుగుతున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూపుతూ హెన్రీ గాంట్ పేరుతో 1910ల నుంచి ప్రచారంలోకి వచ్చిన ఆ అడ్డగీతల పటం, 1950ల చివర డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థలు రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి (ఏ పనులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో తేల్చే లెక్క), రెండూ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: చేయాల్సిన పనులేవో ముందే తెలుసు. భవనం కట్టేటప్పుడు అది చాలావరకు నిజం. సాఫ్ట్‌వేర్‌లో కాదు. అందుకే 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో అనే ప్రకటన రాశారు. అందులో ప్రణాళిక వద్దని ఎక్కడా లేదు. ప్రణాళికను పట్టుకు వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడానికి ఎక్కువ విలువిస్తామని మాత్రమే ఉంది. దాన్ని చదవకుండానే ‘మేం ఎజైల్, తేదీలు చెప్పం’ అనేవాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు!

క్లయింటుకు చూపే పటంలో ఒకదానిపై ఒకటి ఆధారపడిన పెద్ద మజిలీలే ఉంచండి. లోపలి పనిని రెండేసి వారాల స్ప్రింట్‌లుగా, అంటే చిన్న విడతలుగా నడపండి. తేదీ చెప్పేటప్పుడు గత పనులకు నిజంగా ఎంత కాలం పట్టిందో చూసి, ‘ఈ వారానికీ ఆ వారానికీ మధ్య’ అని చెప్పండి. ఒక్క తేదీ చెబితే అది వాగ్దానమైపోతుంది.

ప్రశ్న: నెలకు ఎవరు ఎన్ని కార్డులు ముగించారో చూసి మా మేనేజరు పనితీరు అంచనా వేస్తున్నారు. యాప్‌లో దీనికి విరుగుడు ఉందా?

యాప్‌లో లేదు. అయితే వచ్చే నెల ఏమవుతుందో చెప్పగలను: ఒక పనిని ఐదు ముక్కలు చేసి ఐదు కార్డులు ముగిస్తారు, కష్టమైన పని ఎవరూ ముట్టుకోరు, పక్కవాడికి సాయం చేసిన గంట ఏ లెక్కలోనూ రాదు. స్టోరీ పాయింట్లకు మారినా ఇదే కథ. అవి ఒక బృందం తన పనుల బరువును పోల్చుకోవడానికి వేసుకునే అంచనాలు. మనుషులను తూచడానికి పనికిరావు. మీ మేనేజరుకు అంకెలే కావాలంటే, ఏ కార్డు ఎన్ని రోజులు ఎవరి అనుమతి కోసం ఆగిందో చూపించండి. ఆ జాబితాలో తరచూ ఆయన పేరే కనిపించే అవకాశం ఉంది, కాస్త జాగ్రత్త.

ప్రశ్న: జీరా నుంచి గుట్టలుగా మెయిళ్లు వస్తున్నాయి. ఆపేదెలా?

మీరు వ్యాఖ్య రాసిన ప్రతి టాస్కునూ అది మీ చేత ‘వాచ్’ చేయిస్తుంది, అంటే అందులో మార్పు జరిగితే మీకు మెయిల్ పంపుతుంది. వ్యక్తిగత సెట్టింగుల్లో ఇలా దానంతటదే వాచ్ చేయించే ఆటోవాచ్‌ను ఆపేయండి. పాతవాటిని విడిగా అన్‌వాచ్ చేసుకోవాలి.

ప్రశ్న: సమావేశం ముగియగానే ఏఐ సారాంశం రాసి, పనులు కూడా పంచుతోంది. నమ్మవచ్చా?

సారాంశం వరకు ఫర్వాలేదు, ఒకసారి చదివితే చాలు. పనుల పంపకం దగ్గరే తేడా వస్తుంది. ఎవరో మొహమాటానికి ‘చూద్దాం’ అన్నదాన్ని అది ఒప్పుకోలుగా రాసేయగలదు. రెండు భాషలు కలిపి మాట్లాడుకుంటే పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. ఆ జాబితాను నేరుగా బోర్డుకు కలపకండి. ఎవరి పేరు మీద పని పడిందో వాళ్లు సరే అన్నాకే కార్డు పుట్టాలి. రికార్డు చేస్తున్నట్టు అందరికీ ముందే చెప్పడం మరవకండి.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఆన్‌లైన్ ఆగిపోతుందట, నిజమేనా?

నిజమే. ప్రాజెక్టు ప్రణాళికలను ఇంటర్నెట్‌లో నడిపే ఆ సేవను 2026 సెప్టెంబర్ 30తో ముగిస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్రాజెక్ట్ ప్రోగ్రామ్ కొనసాగుతుంది. ఆన్‌లైన్ వాడేవాళ్లను మాత్రం ప్లానర్ వైపు నడిపిస్తున్నారు. ప్రతి ప్రాజెక్టునూ ఎంపీపీ ఫైలుగా (ప్రాజెక్ట్ ప్రోగ్రామ్ తెరవగలిగే ఫైలు) దాచుకోండి. మీరు సొంతంగా చేర్చుకున్న ఖానాలు కొత్త చోటికి వాటంతటవే వస్తాయని అనుకోకండి, వాటి జాబితా విడిగా రాసిపెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ నివేదికల సాధనమైన పవర్ బీఐలోని నివేదికలు ప్రాజెక్ట్ ఆన్‌లైన్ నుంచి అంకెలు తెచ్చుకుంటుంటే అవీ ఆగిపోతాయి. వాటిని తయారుచేసినవాళ్లు సంస్థలో ఉండగానే మార్పించుకోండి.