ఆ కాగితంపై సంతకం పెట్టకండి

ప్రశ్న: విజయవాడలో ఒక పెద్ద హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. గత నెల నైట్ డ్యూటీలో బాంక్వెట్ మేనేజర్ సర్వీస్ లిఫ్టులో ఒంటిమీద చేయి వేశాడు. ఆ తరువాత వాట్సాప్‌లో అసభ్యమైన మెసేజీలు పెడుతున్నాడు. హెచ్‌ఆర్ వాళ్లు అతణ్ణి మందలించామని చెప్పి, నన్ను లాండ్రీకి మార్చి, ‘నా ఇష్టప్రకారమే మారుతున్నాను’ అని సంతకం చేయమంటున్నారు. సంబంధాలు చూస్తున్నాం, మానేసి మంగళగిరి వచ్చెయ్ అంటోంది అమ్మ.

జవాబు: అమ్మా, ముందుగా ఆ కాగితంపై సంతకం పెట్టకండి. చేయి వేసినవాడు తన సీట్లోనే ఉండి, ఫిర్యాదు చేసిన మీరు లాండ్రీకి వెళితే, తప్పు మీదేనేమోనని తోటి సిబ్బంది అనుకునే ప్రమాదం ఉంది. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం, విచారణ సాగుతుండగా మిమ్మల్ని గానీ అతణ్ణి గానీ బదిలీ చేయమని, ఇలాంటి ఫిర్యాదులు విచారించే సంస్థలోని అంతర్గత కమిటీ సిఫారసు చేయాలంటే, ముందు మీరు రాతపూర్వకంగా కోరాలి. మీరు కోరని బదిలీని మీ మేలుకేనని చెప్పడం యాజమాన్యం తన తలనొప్పి తగ్గించుకోవడమే. నవ్వుతూ పలకరించడం ఉద్యోగంలో భాగమైన చోట ఆ నవ్వునే అలుసుగా తీసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, హోటళ్లు ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి.

హెచ్‌ఆర్ మందలింపు విచారణ కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ సీనియర్ మహిళ అధ్యక్షతన, సగానికి తగ్గకుండా మహిళలతో, బయటి సభ్యులు ఒకరితో ఆ అంతర్గత కమిటీ ఉండాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల లోపు దానికి ఫిర్యాదు రాసివ్వండి. విచారణను 90 రోజుల్లో ముగించాలి. తేదీ, షిఫ్టు, లిఫ్టు ఏ అంతస్తులో ఆగింది, అతని మాటలు ఉన్నవి ఉన్నట్లు రాయండి. లిఫ్టు ముందున్న సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకే చెరిగిపోవచ్చు కనుక, దాన్ని భద్రపరచాలని ఫిర్యాదులోనే కోరండి. మెసేజీలు డిలీట్ చేయకండి. కమిటీయే వేయలేదని తేలితే, యాజమాన్యానికి రూ.50,000 దాకా జరిమానా పడే తప్పది; ఆ సంగతి ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌కు రాయండి, పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకై ఉన్న కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయండి. లైంగిక వేధింపును నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద పోలీసులను ఆశ్రయించే హక్కు కూడా మీకుంది, అది వేరే దారి. ఏ దశలోనైనా సలహాకు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు.

అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫిర్యాదుదారు పేరు, వివరాలు బయటపెట్టకూడదని ఆ చట్టమే చెబుతోందని ఆమెకు నెమ్మదిగా వివరించండి. ఆ హోటల్లో ఉండలేననిపిస్తే మానేయడంలో తప్పేమీ లేదు, మానేశాక కూడా ఫిర్యాదు చెల్లుతుంది. అయితే రాజీనామా కంటే ముందు ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు తేదీతో సంతకం తీసుకున్న కాపీ ఒకటి హోటల్ లాకర్లో కాకుండా ఇంట్లో పెట్టుకోండి.