"పునరుత్పాదక ఇంధనం" బోర్డు జనానికి అర్థం కావట్లేదన్న ప్రశ్నకు

ఇథనాల్, బయోగ్యాస్ లాంటి ఇంధనాల గురించి మీరు పెట్టిన బోర్డు చూసి ఆటో అన్నలు "సోలారా?" అని అడుగుతున్నారంటే తప్పు ఆ మాటదే. 'పునరుత్పాదక' (వాడినా మళ్లీ తయారయ్యేది) అనగానే చాలామందికి సోలార్ పలకలే గుర్తొస్తాయి.

1. ఆ పెద్ద మాట తీసేసి ఇథనాల్, బయోడీజిల్, బయోగ్యాస్ అని విడిగా రాయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: దేంతో తయారైంది, ఎందులో వాడతారు అన్నది పేరు పక్కనే ఉండాలి. "ఇథనాల్: చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసి పెట్రోల్‌లో కలుపుతారు." ఈ20 (ఇథనాల్ కలిపిన పెట్రోల్)లో 20 శాతమే ఇథనాల్, మిగతాది పెట్రోలేనని తప్పక చెప్పండి. అది దాస్తే జనాన్ని మోసం చేసినట్టే.

3. బయోగ్యాస్‌కి హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఉదాహరణ చాలు. అక్కడ కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకుల నుంచి గ్యాస్, దాంతో కరెంటు. "గోబర్ గ్యాస్ లాంటిదే, పేడ బదులు కూరగాయల చెత్త" అనండి.

అచ్చుకిచ్చే ముందు ఒక ఆటో అన్నకు చదివి వినిపించి, తన మాటల్లో తిరిగి చెప్పమనండి. ఆయన వాడిన మాటలే బోర్డు మీద పెట్టండి.