పాప ఇంటిపేరు ఇప్పుడే మార్చాలా?

ప్రశ్న: మేం చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాం. మావారు 2021లో కొవిడ్‌తో పోయారు. అప్పటికి పాపకు నాలుగేళ్లు, ఇప్పుడు తొమ్మిది. కిందటేడు మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఈయన మంచివారు, పాపంటే ప్రాణం. స్కూల్లో ఎవరో "పాప ఇనీషియల్ వేరేగా ఉందేంటి?" అని అడిగారని బాధపడి, పేరు మార్పిద్దామంటున్నారు. "ఆడపిల్లేగా, రేపు పెళ్లయితే ఎలాగూ మారేదే" అంటారు అత్తగారు. నెల్లూరులో ఉన్న పాప తాతయ్య, నాన్నమ్మ మాత్రం "మావాడి గుర్తు అదొక్కటే మిగిలింది. అదీ తీసేస్తే కోర్టుకు వెళ్తాం" అంటున్నారు. మొన్న కొత్త నోట్‌బుక్కుల లేబుళ్ల మీద పాప పెన్సిల్‌తో ఇనీషియల్ రాసి, చెరిపేసి, చివరికి ఉత్త పేరు రాసి ఊరుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు కోర్టు భయం తీసేస్తాను. తండ్రి లేనప్పుడు బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే. అచ్చం మీలాంటి తెలుగు కుటుంబం కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త పోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే, బాబుకు కన్నతండ్రి ఇంటిపేరే ఉంచాలనీ, రికార్డుల్లో కన్నతండ్రి పేరు చూపడం కుదరనిచోట రెండో భర్తను సవతి తండ్రిగా రాయాలనీ హైకోర్టు చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని, సవతి తండ్రి అని రాయించడం పిల్లవాడి మనసును ఆలోచించని క్రూరత్వమని అంది. కాబట్టి హక్కు మీది. ఆ హక్కు ఎక్కడికీ పోదు, అందుకే తొందరపడొద్దంటున్నాను.

పాప ఈయన్ని ఏమని పిలుస్తోంది? మీరు రాయలేదు. నాన్నా అంటోందా, అంకుల్ అంటోందా, అసలు ఏమీ పిలవకుండా దగ్గరికొచ్చి మాట మొదలుపెడుతోందా? పిలుపు ఇంకా కుదరకపోతే పేరు జోలికి వెళ్లకండి. నాలుగేళ్లప్పుడు నాన్నను పోగొట్టుకున్న పిల్లకు జ్ఞాపకాలు కొన్నే ఉంటాయి. ఆ పేరూ పోతే నాన్ననే వదిలేసినట్టని అనుకోవచ్చు. ఈయన్ని ఇష్టపడుతున్నందుకే తప్పు చేస్తున్నాననీ అనుకోవచ్చు. రాసిన అక్షరాన్ని చెరిపేసిన పిల్ల ఆ రెండింటి మధ్యే నలుగుతోందని నాకు అనిపిస్తోంది.

అందుకే అందరి ముందూ "నీకు ఇష్టమేనా?" అని అడగొద్దు. మీ మొహం చూసి సరే అనేస్తుంది. మీరిద్దరే ఉన్నప్పుడు, తల దువ్వుతూనో, సాయంత్రం నడుస్తూనో, "లేబుల్ మీద ఏం రాయాలో తోచలేదా?" అని మాత్రం అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి, దాన్ని మాట్లాడనివ్వండి.

ఇంకొకటి. చెన్నైలో ఇనీషియల్ అంటే తండ్రి పేరులో మొదటి అక్షరం. మన ఇంటిపేరు వేరు. స్కూల్లో అడిగింది మొదటిదాని గురించి, నెల్లూరులో ఏడుస్తున్నది రెండోదాని గురించి. మీ ఇంట్లో రెండూ కలిసిపోయి టెన్షన్ పెరిగింది. ఇంటిపేరు అలాగే ఉంచి, ఇప్పటి మీవారి పేరును పాప పేరుకు చేర్చుకోవచ్చు. అంతకన్నా ముందు, స్కూల్ డైరీలో గార్డియన్‌గా, అత్యవసరంలో పిలిచే నంబరుగా ఆయన్ని రాయించండి. దానికి గెజిట్ అక్కర్లేదు, రేపే చేయొచ్చు. ఆయన బాధ సగం అక్కడే తీరుతుంది.

మీ అత్తగారి మాటను మాత్రం నేను ఒప్పుకోను. పెళ్లయ్యాక మార్చుకోవాలో వద్దో అప్పుడు ఆ అమ్మాయి ఇష్టం. ఎప్పుడో మారొచ్చని ఇప్పుడు తీసేస్తామా?

ఈయన పాపను దత్తత తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే, పేరు మార్పునూ దత్తతనూ కలపకండి. ఇంటిపేరు మారినంత మాత్రాన జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు చెరిగిపోదు, తండ్రి ఆస్తిలో వాటా పోదు. హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత అయితే వేరు. అప్పటికే పాపకు దక్కిన ఆస్తి ఉంటుంది కానీ, కన్నతండ్రి వైపు వారసత్వం అక్కడితో తెగుతుంది. తాతగారికి పొలం ఉంటే లాయర్‌ని అడగకుండా ఏ పత్రం మీదా సంతకం పెట్టొద్దు. (విడాకులైనవాళ్లు ఇది చదివి మాకూ వర్తిస్తుందనుకోవద్దు. కన్నతండ్రి బతికుంటే దత్తతకు మామూలుగా ఆయన సమ్మతి కావాలి.)

కొన్నాళ్లకు పాపే కావాలంటే అప్పుడు నోటరీ అఫిడవిట్, తమిళనాడు గెజిట్‌లో ప్రకటన, తర్వాత స్కూలు, ఆధార్. పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే అయితే తిరుగుడు తక్కువ. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి అక్షరాలు సరిచూసుకోండి.

ఈలోగా ఒక ఆదివారం పొద్దున్నే సెంట్రల్‌లో రైలెక్కి పాపను నెల్లూరు తీసుకెళ్లండి. ఫోన్లో తేలే విషయం కాదిది. "పేరు మార్చినా మార్చకపోయినా మీ మనవరాలు మీ ఇంటికి వస్తుంది, నాన్న ఆబ్దికానికి ఏటా ఉంటుంది" అని మామయ్యగారితో మీరే చెప్పండి. వాళ్ల భయం ఇంటిపేరు గురించే కాదు, పిల్ల ఇక రాదేమోనని. వీలైతే వాళ్ల దగ్గరున్న చిన్నప్పటి ఫొటోలు పాపకు చూపించమనండి.

నోట్‌బుక్కుల మీద లేబుళ్లు అలాగే ఉండనివ్వండి. టీచర్‌తో ముందే ఒక మాట చెప్పి ఉంచితే, ఈ ఏడాదికి ఉత్త పేరు చాలు.