మాటిమాటికీ పొట్ట ఉబ్బుతోందా? మందు మార్చే ముందు కారణం తేల్చండి

సందేహం: చేవెళ్ల దగ్గర మాకు ఆరు ముర్రా బర్రెలున్నాయి. అందులో ఒకటి రెండో ఈత ఈని మూడు నెలలైంది. ఈనిన కొద్ది రోజులకే ఎడమ డొక్క ఉబ్బడం మొదలైంది. పొడులు తాగించి, సూదులు వేయిస్తే రెండు రోజులు తగ్గుతుంది, వారం పది రోజులకు మళ్లీ వస్తుంది. పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు రెండు కూడా రావట్లేదు. దాణా ముట్టదు, పచ్చిగడ్డి మాత్రం కొంచెం తింటుంది. పేడ కొద్దికొద్దిగా, నల్లగా, జిగటగా వేస్తోంది. జ్వరం లేదు. పచ్చిగడ్డితో పాటు ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం, కూరగాయల తుక్కు కూడా పెడుతుంటాం. కొట్టం పక్కనే వెంచర్ పనులు జరుగుతున్నాయి. మనుషులకైతే హైదరాబాద్‌లో కెమెరా గొట్టం వేసి కడుపులో ఏముందో చూస్తున్నారు కదా, బర్రెలకు అలాంటి పరీక్షలు లేవా సార్? అంత దూరం తీసుకురావడం దండగ, అమ్మేయమని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడే అమ్మకండి. అలాగని ఇంకో పొడి ప్యాకెట్ కూడా కొనకండి. మీరు రాసిన దాంట్లో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఉబ్బరం తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ రావడం. ఒక పూట దాణా ఎక్కువై వచ్చే ఉబ్బరం ఒకసారి వస్తుంది, వైద్యం చేస్తే పోతుంది. మూడు నెలలుగా వదలకుండా వస్తోందంటే లోపల ఏదో అడ్డం పడుతోంది. అదేమిటో తేలనంతవరకు ఎన్ని మందులు మార్చినా దక్కేది ఆ రెండు రోజుల ఊరటే.

బర్రె పొట్టలో గ్యాస్ పుట్టడం సహజమే. రుమెన్ అనే పెద్ద పొట్టలో వంద లీటర్లకు పైగా మేత, నీళ్లు ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ మేతను రాత్రీ పగలూ పులియబెడుతుంటాయి కాబట్టి గ్యాస్ పుడుతూనే ఉంటుంది. రుమెన్ నిమిషానికి ఒకటి రెండుసార్లు ముడుచుకుంటూ, ఆ గ్యాస్‌ను తేన్పులుగా బయటికి పంపేస్తుంది. ఈ ముడుచుకోవడం మందగించినా, తేన్పు వచ్చే దారి మూసుకున్నా డొక్క ఉబ్బుతుంది. అందుకు కారణం మేతలో ఉండొచ్చు, పొట్టలో గుచ్చుకున్న తీగ కావచ్చు, పొట్టను నడిపించే నరం దెబ్బతిని ఉండొచ్చు. బయటికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక కెమెరా సంగతి. మనిషి రాత్రి నుంచి ఏమీ తినకపోతే ఉదయానికి కడుపు ఖాళీ అవుతుంది. బర్రెను రోజంతా పస్తు పెట్టినా రుమెన్ ఖాళీ కాదు. కెమెరా పంపితే గడ్డి తప్ప ఏమీ కనపడదు. అందుకే పశువుల జీర్ణకోశ పరీక్షలు వేరే దారిలో సాగాయి. పొట్టలోని ద్రవాన్ని బయటికి తీసి చూడటం అందులో పాత పద్ధతి. 1843లోనే పారిస్‌లో గ్రూబీ, డెలాఫాండ్ అనే ఇద్దరు రుమెన్ ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో తిరుగాడే ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులను గుర్తించారు. ఆ పరీక్ష ఈ రోజుకీ ఉపయోగపడుతోంది, పైగా ఖర్చు చాలా తక్కువ. మన దగ్గర అది జరగాల్సినంతగా జరగడం లేదన్నదే నా బాధ.

మీ బర్రెకు మొదట చేయించాల్సింది ఇదే. డాక్టర్ బర్రె నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేస్తారు. గొట్టం లోపలికి వెళ్లగానే గ్యాస్ బుస్సుమని వచ్చి డొక్క దిగిపోతే, గ్యాస్ మామూలుగానే పుడుతోంది, తేన్పు రావడం లేదని అర్థం. గ్యాస్ రాకుండా నురగ వస్తే మేతను అనుమానించాలి. తర్వాత గొట్టంతో ద్రవం లాగుతారు. మొదట వచ్చిన దాంట్లో లాలాజలం కలుస్తుంది కాబట్టి దాన్ని పారబోసి, తర్వాత వచ్చింది గాజు సీసాలో పడతారు. ఆరోగ్యంగా ఉన్న బర్రె ద్రవం పచ్చగానో, పచ్చటి గోధుమ రంగులోనో ఉండి ఘాటైన మేత వాసన వేస్తుంది. సీసాను కదపకుండా పెడితే సన్నటి నలుసులు అడుగుకు దిగుతాయి, పీచు మాత్రం బుడగలతో కలిసి నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల్లో పైకి తేలుతుంది. తేలకుండా అంతా అడుగున పడి ఉందంటే లోపలి సూక్ష్మజీవులు పని ఆపేశాయన్నమాట. మిథిలీన్ బ్లూ రంగు కొద్దిగా కలిపి కూడా చూస్తారు. చురుకైన ద్రవమైతే 3 నుంచి 6 నిమిషాల్లో ఆ నీలం రంగు విరిగిపోతుంది. పావుగంట దాటినా నీలంగానే ఉంటే రుమెన్ దాదాపు నిద్రపోయినట్టే.

మీరు ఫంక్షన్ హాల్ అన్నం పెడతామన్నారు కాబట్టి ద్రవం పులుపును కొలిచే పీహెచ్ కాగితం ముంచి చూడటం మరీ ముఖ్యం. మామూలుగా ఆ విలువ 6, 7 మధ్య ఉంటుంది. అన్నం, పిండి పదార్థాలు ఒక్కసారిగా ఎక్కువైతే లాక్టిక్ ఆమ్లం పెరిగి 5.5 కంటే కిందికి పడిపోతుంది. ద్రవం పాలు కలిసినట్టు బూడిద రంగుకు మారి పుల్లని వాసన వేస్తుంది, ప్రోటోజోవాలు చచ్చిపోతాయి. అప్పుడు డాక్టర్ చెప్పిన మోతాదులో వంట సోడా పనిచేస్తుంది. అదే కుళ్లిన కూరగాయలో, యూరియానో ఎక్కువై పీహెచ్ 7.5 దాటిందనుకోండి, సోడా పోస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉబ్బరం అనగానే ఊళ్లో అందరూ ముందు సోడానే తాగిస్తారు. ఆ కాగితం ముక్క చూడకుండా సోడా తాగించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ ద్రవం నుంచి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. అందులో క్లోరైడ్ లీటరుకు 30 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, నాలుగో పొట్ట అయిన అబొమేసం లోని ఆమ్లం కిందికి పోలేక వెనక్కి రుమెన్‌లోకి వస్తోందని అర్థం. అప్పుడు అడ్డంకి కింద ఎక్కడో ఉందని అనుమానించాలి. స్వీడన్ శాస్త్రవేత్త హోఫ్లండ్ 1940లో పొట్టను నడిపించే వేగస్ నరం దెబ్బతింటే పొట్టలు ఎలా మొరాయిస్తాయో వివరంగా చూపించారు. తీగ గుచ్చుకున్న చోట చీము పట్టి ఆ నరాన్ని నొక్కేస్తే ఇలాంటి మొండి ఉబ్బరమే వస్తుంది.

తీగ మాట ఎందుకు ఎత్తానంటే, మీ కొట్టం పక్కనే వెంచర్ పనులున్నాయి. ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్కలు గడ్డిలో కలవకుండా ఉండవు. మేక పెదాలతో ఏరుకుని తింటుంది. బర్రె నాలుకతో చుట్టి లాగేస్తుంది, నమలకుండానే మింగుతుంది. తీగ ముక్క బరువుకి రెటిక్యులం అనే రెండో పొట్టలో పడుతుంది. దాని లోపలి గోడ తేనెపట్టులా గదులు గదులుగా ఉండటంతో తీగ అక్కడ ఇరుక్కుంటుంది. ఆ పొట్టకు ముందు డయాఫ్రమ్ అనే పొర, దాని అవతలే గుండె. చూడి చివరి నెలల్లో దూడ బరువు నొక్కడం, ఈనేటప్పుడు ముక్కడం వల్ల ఎన్నాళ్లుగానో ఊరికే పడి ఉన్న తీగ గుచ్చుకుపోతుంది. మీ బర్రెకు జబ్బు ఈనిన తర్వాతే మొదలవడం ఈ అనుమానానికి బలమిస్తోంది.

ఇంటి దగ్గర మీరే కొన్ని చూడొచ్చు. వీపు విల్లులా వంచి, ముందు మోచేతులు బయటికి తెరిచి నిలబడుతోందా? పల్లానికి దిగమంటే మొరాయిస్తోందా? మూపు దగ్గర చర్మం గట్టిగా పట్టి నొక్కితే మామూలు బర్రె వీపు కిందికి వంచుతుంది. నొప్పి ఉన్నది వంచదు, మూలుగుతుంది. జ్వరం లేదు కాబట్టి తీగ లేదనుకోకండి. పాతబడిన కేసుల్లో జ్వరం ఉండకపోవచ్చు. గంగడోలు దగ్గర నీరు దిగినా, మెడ పక్క నరం ఉబ్బి కనిపించినా వెంటనే డాక్టర్‌కు చెప్పండి. అది గుండె చుట్టూ ఉన్న సంచికి చీము పట్టిందనడానికి గుర్తు.

రెండో అనుమానం డయాఫ్రమ్ హెర్నియా. మన దేశంలో ఆవుల కంటే బర్రెల్లో ఇది చాలా ఎక్కువ. చూడి చివర్లో గానీ, ఈనిన తర్వాత గానీ డయాఫ్రమ్ చిరిగి, ఆ కంతలోంచి రెటిక్యులం ఛాతీలోకి జారిపోతుంది. మళ్లీ మళ్లీ ఉబ్బరం, కొద్దిగా నల్లటి జిగట పేడ, రోజురోజుకీ చిక్కిపోవడం దీని లక్షణాలు. మీ ఉత్తరంలో ఇవి చాలావరకు ఉన్నాయి. అందుకే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకురమ్మంటున్నాను. తీగను, హెర్నియాను బయటి నుంచి విడదీసి చెప్పడం ఎంత అనుభవం ఉన్న డాక్టర్‌కైనా కష్టం.

అందుకే అక్కడ స్కానింగ్ చేస్తారు. దానికి టెన్షన్ పడకండి. మోచేయి వెనక, ఛాతీ కింద వెంట్రుకలు గీసి, జెల్ రాసి, స్కానింగ్ పరికరం ఆనిస్తారు. నొప్పి ఉండదు. తెర మీద రెటిక్యులం అర్ధచంద్రాకారంలో కనిపిస్తూ, నిమిషానికి దాదాపు ఒకసారి రెండు దశల్లో ముడుచుకుంటుంది. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఉలి బ్రౌన్ 1990లలో ఆవుల మీద చేసిన పరిశోధనలతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ముడుచుకోవడం మందగించిందా, చుట్టూ చీము గడ్డలున్నాయా, గుండె సంచిలో నీరు చేరిందా, రెటిక్యులం ఉండాల్సిన చోట కాకుండా ఛాతీలో గుండె పక్కన కనిపిస్తోందా అనేవి స్కానింగ్‌లో తెలుస్తాయి. తీగ మాత్రం సరిగా కనపడదు, ఎందుకంటే పొట్టలోని గ్యాస్ స్కానింగ్ పరికరం పంపే ధ్వని తరంగాలను అడ్డుకుంటుంది. తీగ కోసం ఎక్స్‌రే కావాలి. కాబట్టి రెండూ చేయమంటే డబ్బుల కోసం రాశారనుకోకండి. మెటల్ డిటెక్టర్‌ను మాత్రం నమ్ముకోవద్దు. లోపల ఇనుము ఉంటే అది మోగుతుంది గానీ, గుచ్చుకుందో ఊరికే పడి ఉందో చెప్పలేదు.

పేడ కూడా పరీక్ష చేయించండి. మూసీ వెంబడి, చెరువుల అంచున నిలవ నీళ్లలో పెరిగిన గడ్డి పెడుతుంటే నత్తల ద్వారా పొట్ట జలగలు వస్తాయి. మీ బర్రె పేడ చూస్తే అసలు కారణం అది కాకపోవచ్చు, అయినా తెలుసుకోవడం మంచిది.

ఫలితాలు వచ్చాక నిర్ణయం ఇలా ఉంటుంది. తీగ గుచ్చుకుని గుండె దాకా పోకపోతే రుమెన్ కోసి తీగ తీసేస్తారు. పశువు నిలబడి ఉండగానే, మత్తు సూది ఇచ్చి చేసే ఆపరేషన్ ఇది, చాలావరకు కోలుకుంటాయి. అప్పుడే లోపల ప్లాస్టిక్ ఉంటే అదీ బయటపడుతుంది. పట్నం చుట్టుపక్కల పశువుల పొట్టల్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సందర్భాలున్నాయి. పుట్టపర్తి కరుణ సొసైటీ ఈ విషయం మీదే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. హెర్నియా అయితే పని పెద్దది. మొదట రుమెన్ ఖాళీ చేసి, ఒకటి రెండు రోజుల తర్వాత పూర్తి మత్తులో కంత కుడతారు. అన్నీ బతకవు. మీ బర్రె వయసు, ఎంత చిక్కిపోయింది అన్నవి చూసి డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి. గుండె సంచికి చీము పట్టి ఉంటే ఆపరేషన్‌కు డబ్బు పెట్టమని నేను చెప్పను. ఆ మాట కూడా పరీక్ష అయ్యాకే ఖాయంగా చెప్పగలం.

బయల్దేరే రోజు ఏ మందూ తాగించకండి. బండిలో ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. కొట్టంలో కూడా ఇప్పటి నుంచే ముందు కాళ్ల కింద జానెడు ఎత్తు మట్టి వేయండి, డయాఫ్రమ్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ, ఉబ్బరం వచ్చిన తేదీలు రాసిన కాగితం, అదే రోజు పేడ తీసుకురండి. ఈలోగా డొక్క డప్పులా బిగిసి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే 1962కు ఫోన్ చేయండి. డాక్టర్ వచ్చేలోగా నూనె తాగించాల్సి వస్తే నాలుక లాగొద్దు, తల మరీ ఎత్తొద్దు, దగ్గితే వెంటనే ఆపేయండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనెకు వైద్యం లేదు.

మిగతా ఐదు బర్రెల సంగతి కూడా చూడండి. ఫంక్షన్ హాల్ అన్నం ఆపేయండి. ఆపలేకపోతే కొద్దికొద్దిగా, వరిగడ్డితో కలిపి పెట్టండి. గడ్డిని తొట్టిలో వేసే ముందు కర్రకు కట్టిన అయస్కాంతం దాని మీద తిప్పండి. ఏడాది దాటిన ప్రతి పశువుకూ డాక్టర్‌తో ఒక అయస్కాంతం మింగించొచ్చు. అది రెటిక్యులంలోనే ఉండిపోయి ఇనుప ముక్కలను పట్టుకుంటుంది, రాగి, అల్యూమినియం ముక్కలను మాత్రం పట్టలేదు. ఇదివరకే వేశారో లేదో తెలియకపోతే ఎడమ మోచేయి దగ్గర దిక్సూచి పెట్టి చూడండి. ముల్లు పక్కకు తిరిగితే లోపల ఒకటి ఉన్నట్టే, రెండోది అక్కర్లేదు.